టవర్‌కు కరెంటు పోతే

2025 ఏప్రిల్ 28న మిట్టమధ్యాహ్నం స్పెయిన్, పోర్చుగల్ దేశాలు చీకట్లో పడ్డాయి. అదే రోజు అట్లాంటిక్‌కు అవతల, ఫిలడెల్ఫియాలో కూర్చుని నెవార్క్ విమానాలను నడిపించే కంట్రోలర్ల రాడార్ తెరలు, రేడియోలు దాదాపు 90 సెకన్లు మూగబోయాయి. రెండింటికీ సంబంధం లేదు. కానీ దాదాపు దేశం మొత్తానికి కరెంటు పోయిన స్పెయిన్‌లో గగనతల నియంత్రణ అత్యవసర విద్యుత్తుతో కొనసాగింది, విమానాల సంఖ్యను మాత్రం తగ్గించారు. ఊరంతా దీపాలు వెలుగుతున్న అమెరికాలో తెర నల్లబడింది. కారణం సమాచార తీగల్లో లోపం. గ్రిడ్ ఎంత గట్టిదన్నది ఒక ప్రశ్న, గ్రిడ్‌కీ కంట్రోలర్ బల్లకీ మధ్య ఏముందన్నది మరో ప్రశ్న. మన దగ్గర చర్చ ఎప్పుడూ మొదటి దానితోనే ఆగిపోతుంది.

ఏటీసీకి మామూలుగా మూడంచెల సరఫరా ఉంటుంది. గ్రిడ్ కరెంటు, అది పోతే డీజిల్ జనరేటర్, జనరేటర్ అందుకునేదాకా భారం మోసే యూపీఎస్ బ్యాటరీలు. అంతర్జాతీయ నియమాల ప్రకారం రన్‌వే దీపాలు చాలావాటికి 15 సెకన్లలో ప్రత్యామ్నాయ సరఫరా అందాలి. దట్టమైన పొగమంచులో దిగేటప్పుడు వాడే కొన్ని దీపాలకైతే గడువు ఒక్క సెకనే. కాగితం మీద ఏ లోటూ లేదు. అయితే పెద్ద వైఫల్యాలను వరసగా చూడండి. 2023 జనవరి 1న మనీలాలో యూపీఎస్ మొరాయించింది. తరువాత 220 ఓల్టులు రావాల్సిన చోట 380 ఓల్టులు వచ్చి పరికరాలు దెబ్బతిన్నాయని అక్కడి అధికారులే చెప్పారు. ఫిలిప్పీన్స్ గగనతలం గంటల తరబడి మూతపడింది. 2017 డిసెంబరు 17న అట్లాంటాలో భూగర్భ సొరంగంలో మంటలు రేగితే అసలు కేబుల్, దానికి తోడుగా వేసిన కేబుల్ రెండూ కాలిపోయాయి. ఎందుకంటే రెండూ ఒకే సొరంగంలో ఉన్నాయి! 2025 మార్చి 21న హీత్రూను మూయించిన సబ్‌స్టేషన్ మంటల సంగతి ఇంకా విచిత్రం. ఆ ట్రాన్స్‌ఫార్మర్‌లోకి తేమ చేరిందన్న సూచన 2018లోనే దొరికిందని దర్యాప్తు నివేదిక తేల్చింది. ఏడేళ్లు ఎవరూ పట్టించుకోలేదు.

నేను సర్వీసులో ఉండగా ఒక స్థావరానికి తనిఖీకి వెళ్లాను. జనరేటర్‌ను రోజూ నడుపుతున్నట్టు లాగ్‌బుక్‌లో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. లోడు పెట్టి నడపమన్నాను. నాలుగు నిమిషాల్లో ఆగిపోయింది. ఖాళీగా తిప్పితే ఏ ఇంజనైనా తిరుగుతుంది. బరువెత్తమన్నప్పుడే దాని బండారం బయటపడుతుంది.

తెలుగువారికి ఈ విషయం కొత్తకాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు స్తంభాలు, తీగలు నేలకూలి నగరం రోజుల తరబడి అంధకారంలో ఉంది. విమానాశ్రయం టెర్మినల్ చిధ్రమై ప్రయాణికుల విమానాలు నిలిచిపోయాయి. గుర్తుంచుకోవాల్సిందేమిటంటే ఆ రన్‌వే, ఆ టవర్ నౌకాదళానివి. ఐఎన్‌ఎస్ డేగా అంటే తూర్పు తీరానికి కన్ను. మన దేశంలో శ్రీనగర్, జమ్ము, పుణె, గోవా దబోలిం వంటి అనేక చోట్ల పౌర, సైనిక విమానాలకు రన్‌వే ఒక్కటే. అక్కడ టవర్ చీకటైతే అది ప్రయాణికుల ఇబ్బందితో పోయేది కాదు.

నేనిప్పుడు నందినిలో ఉన్నాను. భిలాయ్ ఉక్కు కర్మాగారానికి సున్నపురాయి ఇచ్చే గనులూ, ఆ కర్మాగారానికే చెందిన చిన్న ఎయిర్‌స్ట్రిప్పూ ఇక్కడ ఉన్నాయి. ఉక్కు ఊళ్లో పనిచేసినవాళ్లకు కరెంటు విలువ వేరే చెప్పక్కర్లేదు. బ్లాస్ట్ ఫర్నేస్‌ను చల్లబరిచే నీటి పంపు ఆగితే కొలిమే దెబ్బతింటుంది. అందుకే కర్మాగారం సొంత విద్యుత్తును దగ్గర పెట్టుకుంటుంది. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తర భారతం కుప్పకూలినప్పుడు ఛత్తీస్‌గఢ్ ఉన్న పశ్చిమ గ్రిడ్ నిలబడింది. దక్షిణ గ్రిడ్ అప్పటికి వేరుగా ఉంది కనుక మనకు సెగ తగల్లేదు. 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కేవీ లైనుతో అదీ కలిసింది. మిగులు కరెంటును పంచుకోవడానికి ఇది మేలు, సందేహం లేదు. లోపం కూడా అదే తీగల మీద ప్రయాణించగలదు, అదీ నిజమే.

యుద్ధం వస్తే శత్రువు రన్‌వేనే కొట్టాలని లేదు. 1999 మేలో నాటో విమానాలు సెర్బియాపై గ్రాఫైట్ పోగులు చల్లి, తీగలను షార్ట్ చేసి దేశంలో అధికభాగానికి కరెంటు తీసేశాయి. 2015 డిసెంబరు 23న ఉక్రెయిన్‌లో కంప్యూటర్ల ద్వారానే సబ్‌స్టేషన్లను ఆపి రెండు లక్షలకు పైగా వినియోగదారులను చీకట్లోకి నెట్టారు. 2021 మార్చిలో తెలంగాణ ట్రాన్స్‌కో, జెన్‌కోలపై చైనా హ్యాకర్ల కన్ను పడిందన్న హెచ్చరిక వచ్చింది. 2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయాన 32 విమానాశ్రయాల్లో పౌర విమానాలను మనమే ఆపుకున్నాం. నిర్ణయం మన చేతిలో ఉండగా ఆపడం వేరు, ఆగిపోవడం వేరు.

పెద్ద టవర్‌కు మారుగా చిన్న ఏర్పాట్లు కూడా సిద్ధంగా ఉండాలి. కొరిశపాడు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి మీద వాయుసేన విమానాలతో ట్రయల్ రన్ చేసింది. రోడ్డు మీదే రన్‌వే అనుకున్నప్పుడు నియంత్రణ, కరెంటు కూడా చక్రాల మీదే వస్తాయి. నందిని వంటి స్ట్రిప్‌లనూ ఆ లెక్కలో చేర్చి, కదిలే టవర్‌తో, సొంత జనరేటర్‌తో ఏడాదికోసారైనా పరీక్షించాలి. 2025 సెప్టెంబరులో పిడుగుపాటుకు రాయపూర్ విమానాశ్రయంలో దారి చూపే పరికరం చెడిపోయి విమానాలను పొరుగు నగరాలకు మళ్లించారు. పక్కనే స్ట్రిప్ ఉన్నా అలాంటప్పుడు అది అక్కరకు రాదు.

మిగతాదానికి పెద్ద ఖర్చు కాదు. ప్రతి ఏటీసీలోనూ ముందుగా చెప్పకుండా గ్రిడ్ సరఫరా ఆపి, పూర్తి లోడు మీద జనరేటర్ ఎంతసేపు నిలిచిందో రాయాలి. రద్దీలేని వేళ, విమానాల సంఖ్య తగ్గించుకుని ఆ పని చేయొచ్చు. పరీక్షించే బృందం వేరే కేంద్రం నుంచి రావాలి, తన జనరేటర్‌కు తానే సున్నా మార్కులు వేసుకునేవాడు ఉండడు. కొత్త భోగాపురం విషయంలోనూ అడగాల్సినవి రెండే: టవర్‌కు వచ్చే రెండు కేబుళ్లు వేర్వేరు సబ్‌స్టేషన్ల నుంచి వస్తున్నాయా? దారిలో ఎక్కడైనా ఒకే కందకంలో కలుస్తున్నాయా?