అంచనాలు – అవకాశాలు

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలకు శుక్రవారం పరీక్షాదినం. తెలుగు చలనచిత్ర పరిశ్రమకు నెలవైన ఆ వీధులలో కొత్త చిత్రం విడుదలకు ముందు ఎన్నో జోస్యాలు వినిపిస్తాయి. మొదటి ఆట ముగిసేసరికి వాటిలో పెక్కు వీగిపోతాయి. అయినా మరుసటి వారానికి జోస్యం చెప్పేవారు మళ్ళీ సిద్ధం! ఆ ప్రాంతపు ఇళ్ళలో మరొక జోస్యం కూడా నడుస్తూ ఉంటుంది. అబ్బాయికి ఐ.ఐ.టి.లో సీటు వస్తుందా? అమ్మాయిని హార్వర్డ్ విశ్వవిద్యాలయం చేర్చుకుంటుందా? నూటికి ఇంత అని అంకె కట్టి చెప్పే సలహాదారులకు నగరంలో కొరత లేదు.

నిజానికి ఈ రెండు ప్రశ్నలూ ఒకే కోవకు చెందవు. ఐ.ఐ.టి. ప్రవేశానికి కొలబద్ద ర్యాంకు. 2024లో జె.ఇ.ఇ. అడ్వాన్స్‌డ్ పరీక్ష రాసినవారు 1,80,200 మంది. అర్హులైనవారు 48,248 మంది. 23 సంస్థలలోని సీట్లు 17,740. ఏ శాఖ ఏ ర్యాంకు వద్ద ముగిసిందో సీట్లను కేటాయించే జోసా ఏటా ప్రకటిస్తుంది. కనుక ర్యాంకు తెలిశాక అంచనా గణితానికి లొంగుతుంది. పరీక్షకు ముందే ర్యాంకు చెప్పబూనడం మాత్రం సాహసమే. 2017లో ప్రశ్నలలోని దోషాల కారణంగా అభ్యర్థులందరికీ 18 మార్కులు కలిపారు. ఇన్ని మార్కులకు ఇంత ర్యాంకు అని వెనుకటి పట్టికలను నమ్ముకున్నవారి లెక్క అప్పుడేమైనట్లు?

హార్వర్డ్ సంగతి వేరు. 2023లో చేరవలసిన తరగతికి 56,937 దరఖాస్తులు రాగా 1,966 మందికి ప్రవేశం లభించింది. అంటే నూటికి మూడున్నర కూడా లేదు. అక్కడ మార్కులతోపాటు విద్యార్థి రాసిన వ్యాసాలను, ఉపాధ్యాయుల సిఫారసులను, ఇతర వ్యాపకాలను తూచి చూస్తారు. ఆ తూనిక బయటివారికి కనబడదు. అటువంటి చోట 'మీ అమ్మాయికి నూటికి నలభై' అనే మాటకు ఒక సౌకర్యం ఉంది. సీటు వస్తే నలభై నిజమైంది. రాకుంటే మిగిలిన అరవై నిజమైంది. ఓటమి ఎరుగని జోస్యమది! ఇదివరకు నలభై అని చెప్పిన నూరుమందిలో ఎందరికి సీటు వచ్చిందని తల్లిదండ్రులు అడగాలి. సలహాదారు గోడమీద నెగ్గినవారి ఛాయాచిత్రాలే ఉంటాయి. తక్కినవారి సంఖ్య ఉండదు.

అంచనా పొరపడడం కన్న, దానిని నమ్మి విద్యార్థి వెనుకంజ వేయడం ఎక్కువ నష్టం. జోసాకు ఐచ్ఛికాలు సమర్పించేటప్పుడు కొందరు తాము కోరుకున్న శాఖను విడిచి, 'వచ్చేది' అని ఎవరో చెప్పినదాన్ని మొదట రాస్తారు. ఇది శుద్ధ పొరపాటు. పైన రాసింది అందకపోతే కేటాయింపు కిందిదానికి దిగుతుంది. పైన రాసినందువల్ల కిందిది చేజారదు. అందని కోరికను మొదట రాసుకున్నందుకు అక్కడ చెల్లించవలసిన మూల్యం ఏమీ లేదు.