సువార్త వ్యాను – వారంటీ కాగితము



నోబుల్, ఫాక్స్ దొరలు 1841లో బందరులో దిగారు. 1854లో ఏలూరులో మిషను కేంద్రము ఏర్పడినది. ఆనాటి సేవకులు కాలువ మీద పడవలలోను, మెట్ట దారులలో ఎద్దుబండ్ల మీదను డేరాలు వెంటబెట్టుకొని తిరిగారు. ఈనాడు మన సంఘములు కొన్ని చిన్న లారీని కొని, వెనుక గదివలె బాడీ కట్టించి, అందులో రెండు పడకలు, గ్యాసు పొయ్యి, నీళ్ల డ్రమ్ము, మైకుసెట్టు అమర్చుకొంటున్నాయి. తాడేపల్లిగూడెములో బయలుదేరి కొల్లేటి లంకలలో రెండు మూడు రాత్రులు కూటములు జరిపి రావడానికి ఇది ఎంతో అనుకూలము. అయితే ఆ బండి మొరాయిస్తే ఎవరి దగ్గరకు పోవాలో కొన్ననాడే తెలిసి ఉండాలి.

ఇటువంటి బండి ముగ్గురి చేతిపని. ఇంజను, గేరుబాక్సు, చక్రములు కంపెనీవి. వెనుక గది బాడీ షెడ్డువారిది. మైకుకు, దీపములకు లాగిన వైర్లు ఎలక్ట్రీషియను పని. కంపెనీ ఇచ్చే వారంటీ తాను చేసిన భాగములకే వర్తిస్తుంది. అందులోను బ్రేకు లైనింగులు, క్లచ్ ప్లేటు, బల్బులు వంటి అరిగిపోయే వస్తువులు సాధారణముగా ఉండవు. టైర్లకు, బ్యాటరీకి వాటిని తయారుచేసినవారి వారంటీ వేరుగా ఉంటుంది. గది పైకప్పు కారితే కంపెనీవారు బాధ్యులు కారు. అందుచేత బాడీ షెడ్డువారి చేత కూడ, ఏ పనికి ఎన్ని నెలల పూచీయో బిల్లు మీద వ్రాయించుకొనవలెను. నోటిమాట ఎంత మంచివాడిదైనను వర్షాకాలము వచ్చేసరికి జ్ఞాపకముండదు.

మేమెరిగిన ఒక సంఘములో జరిగిన సంగతి చెబుతాము. అక్కడి స్త్రీల సమాజమువారు వంటకు బియ్యము పోసేటప్పుడెల్లా పిడికెడు తీసి ఉంచి, ఆ కానుకతో వ్యానుకు సొమ్ము కూర్చారు. ఏడాది తిరగకముందే రెండు నష్టములు వచ్చాయి. వెనుక తలుపు బందులు ఊడిపోయాయి. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయింది. మైకు వైర్లను నేరుగా బ్యాటరీకి కలిపినందున రాత్రి కూటములలో అది దిగిపోయేదని మెకానిక్కు చెప్పాడు. అప్పుడొకాయన, "ఆ వైర్లు విప్పేసి తీసుకుపోదామండి, వాళ్లకేం తెలుస్తుంది? కొత్త బ్యాటరీ ఊరికే వస్తుంది" అన్నాడు. సంఘపు సొమ్ము మిగులుతుందని మరి ఇద్దరు తల ఊపారు. కోశాధికారిగా ఉన్న పెద్దామె మాత్రము, "పిడికెడు బియ్యము దేవుని పేరున తీశామయ్యా. ఆ బండి అబద్ధముతో నడవకూడదు" అన్నది. వైర్లతోనే తీసుకువెళ్లారు. వారంటీ రాలేదు. బ్యాటరీ సొంత డబ్బుతో కొన్నారు. తలుపు సంగతి వేరు. బాడీ షెడ్డువారు మొదట కాదన్నారు గాని, వారు వ్రాసి ఇచ్చిన కాగితము చూపించగా బందులు మార్చి ఇచ్చారు. రాని దానిని మోసముతో అడుగలేదు. రావలసిన దానిని మొగమాటముతో వదులుకోలేదు. విశ్వాసికి రెండును అవసరమే.

కొల్లేటి దారులలో మరొక జాగ్రత్త కావాలి. బుడమేరు, తమ్మిలేరు పొంగితే ఆ నీరు కొల్లేటికే చేరుతుంది. సముద్రమునకు పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు ఏలూరు–కైకలూరు దారి మీదికి నీరు ఎక్కినది. అటువంటి నీటిలో ఇంజను ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయరాదు. సిలిండరులో చేరిన నీరు గాలివలె అణగదు, రాడ్లు వంగిపోతాయి. బండిని తోయించి లేక తాడు కట్టించి గట్టు చేర్చి, మెకానిక్కును పిలవాలి. వరద నష్టము వారంటీలోనికి రాదు, ఇన్సూరెన్సు కిందికి వస్తుంది. అదియు ఎదుటివారి నష్టమునకు మాత్రమే కట్టిన థర్డ్ పార్టీ పాలసీ అయితే మన బండికి ఏమియు రాదు. ఇంకొక మాట. బండి రూపము మార్చేముందు రవాణా శాఖ కార్యాలయములో విచారించి, మార్పును రిజిస్ట్రేషనులో చేర్పించాలి. లేనియెడల ఇన్సూరెన్సు అడిగిననాడు చిక్కు వస్తుంది.

న్యాయముగా రావలసినది ఇవ్వకపోతే ఏమి చేయాలి? ముందుగా వ్రాతపూర్వకముగా అడగండి, నకలు దాచుకోండి. తరువాత జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయవచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము 2020 జూలైలో అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము, కొన్న ఊరిలోనే కాక మనము నివసించే జిల్లాలోను ఫిర్యాదు ఇవ్వవచ్చు. నష్టము జరిగిన రెండేళ్లలోగా ఇవ్వాలి. ఏలూరులో వినియోగదారుల కమిషను ఉన్నది. వకీలు లేకుండ మనమే వెళ్లవచ్చు. చేపల రవాణాకో కూరగాయల రవాణాకో చిన్న బండి కొనుక్కొని, దానిని తానే నడుపుకొంటూ బ్రతికే సహోదరునికి కూడ ఈ రక్షణ ఉన్నది. స్వయముగా పనిచేసి జీవనము గడుపుకొనుటకు కొన్నదానిని చట్టము వ్యాపారముగా లెక్కించదు. సంఘము పేరున కొన్న బండి అయితే ఎవరి పేరున ఫిర్యాదు వేయాలో న్యాయవాదిని అడిగి తెలుసుకొనుట మేలు.

ఇంటిలోనైనా సంఘములోనైనా బండికొక సంచి ఉంచండి. కొన్న బిల్లు, వారంటీ పుస్తకము, బాడీ షెడ్డువారి కాగితము, ఇన్సూరెన్సు, ప్రతి సర్వీసు జాబ్ కార్డు అందులో ఉండాలి. సర్వీసు గడువు కిలోమీటర్లు, నెలలు – ఏది ముందు నిండితే దాని ప్రకారము. నెలకు రెండుసార్లే కదిలే వ్యానుకు కిలోమీటర్లు నిండవు గాని నెలలు నిండుతాయి. బండి ఇచ్చేటప్పుడు చెప్పిన ప్రతి లోపమును జాబ్ కార్డు మీద వ్రాయించి, చదివి, అప్పుడే సంతకము పెట్టండి. చదువురానివారు పిల్లల చేత చదివించుకోండి. అందులో సిగ్గు లేదు.

మందల స్థితిని స్వయముగా చూచుకొనుమని సామెతల గ్రంథము 27వ అధ్యాయము మనలను హెచ్చరిస్తున్నది. మన తాతలకు అది గొర్రెల మాట, పశువుల మాట. మనకు నాలుగు చక్రముల బండి మాట కూడ. పాస్టరు గారు ప్రసంగము సిద్ధపడుతుండగా, చమురు చూచి, టైరులో గాలి చూచి, కాగితము భద్రపరచే యౌవనస్థుడు కూడ సువార్త పనిలోనే ఉన్నాడు. కొద్దిలో నమ్మకముగా ఉండే అట్టి చేతులను ప్రభువు మన ప్రతి సంఘములోను లేపును గాక. ఆమేన్.