కోట, కొయ్యబొమ్మ, కంప్యూటరు

కృష్ణానదికి ఉత్తరముగా, విజయవాడకు సుమారు 20 కిలోమీటర్ల దూరమున, చిట్టడవి కప్పిన కొండల వరుసపై నిలిచియున్న కొండపల్లి దుర్గమును చూడబోవువారు, కొండ యెక్కుటకు ముందుగానో దిగివచ్చిన పిదపనో, దాని పాదమున నున్న ఊరిలో ఒక బొమ్మల దుకాణము ముందు తప్పక నిలిచెదరు. ఆరువందల యేండ్లకు పైబడిన కాలములో ఆ కోట నేలిన వంశములన్నియు గతించినవి గాని, ఆ కోట నీడన బ్రతికిన బొమ్మల పని మాత్రము నేటికిని తండ్రి చేతినుండి కొడుకు చేతికి, అత్త చేతినుండి కోడలి చేతికి వచ్చుచునే యున్నది. అయితే అట్లు తయారైన బొమ్మ చివరకు ఎవరి చేతికి చేరుచున్నదని విచారించినచో, బిడ్డల చేతికి మాత్రము కాదని ఒప్పుకొనక తప్పదు. ఈ విషయమును గూర్చియే నాలుగు మాటలు చెప్పదలచితిని.

1323లో ఓరుగల్లు పతనమైన పిదప తీరాంధ్రమున తలయెత్తిన కొండవీటి రెడ్డిరాజుల కాలమున, అనగా పదునాలుగవ శతాబ్దియందు, ఈ దుర్గము వెలసినదని చరిత్రకారులు చెప్పుదురు. పదునైదవ శతాబ్దిలో దీనికై ఓఢ్ర గజపతులును బహమనీ సుల్తానులును పోరాడిరి. 1515లో కొండవీటిని జయించిన శ్రీకృష్ణదేవరాయలు కృష్ణ దాటి కొండపల్లిని ముట్టడించి పట్టుకొనగా, అందు గజపతి భార్యయు, ఒక కుమారుడును, ఏడుగురు ముఖ్య సేనానులును చిక్కిరని పోర్చుగీసు వర్తకుడు న్యూనిజ్ వ్రాసియున్నాడు. పిమ్మట సంధి కుదిరి, రాయలు గజపతి కుమార్తెను వివాహమాడి కృష్ణకు ఉత్తరమునగల భూమిని మామగారికి మరల నిచ్చివేసెను. అటుతరువాత గోలకొండ కుతుబ్ షాహీల వంతు వచ్చినది; 1687లో గోలకొండతో పాటు ఇదియు మొగలాయీల వశమైనది; వారి పిదప నిజాము, 1766లో ఆంగ్లేయులు. తుదకు ఇది ఆంగ్లేయ సైనికులకు శిక్షణ నిచ్చు స్థావరముగా మాత్రమే మిగిలినది.

కొండ యెక్కునపుడు వరుసగా మూడు ద్వారములు ఎదురగును. వానిలో దర్గా దర్వాజా యనునది ఏకశిలా నిర్మితమని ప్రసిద్ధి. 12 అడుగుల వెడల్పును, 15 అడుగుల యెత్తును గల ఆ ద్వారము క్రింద నిలిచి తల యెత్తి చూచినవానికి, ఆనాటి శిల్పి చేతిబలము గ్రంథములు చెప్పనక్కర లేకయే తెలియును. పైకేగినచో రెండు శిఖరముల నడుమ తానీషా మహలు, దాని సమీపమున లోతైన కోనేరు, ఆవల ధాన్యాగారము, కారాగారము కానవచ్చును. మహలులో క్రింద అనేకములైన గదులు, మీద విశాలమైన సభాశాల. ఇవన్నియు పెద్దలకు అర్థవంతములే. కాని పదేండ్ల బాలుని వ్రేలు పట్టుకొని అచట త్రిప్పినచో వానికి కనబడునది కప్పులేని గోడలు, గోడలలో మొలచిన రావి మొక్కలు, గబ్బిలముల వాసన. ‘ఇచట ఏనుగు లుండెడివా?’ యని వాడు అడుగును. ఉండెడి వని మనము చెప్పుదుము గాని, చూపించుటకు ఆ శిథిలములలో ఏమియు లేదు.

చూపింపదగినది కొండ దిగువన ఉన్నది. కొండపల్లి బొమ్మలలో అన్నిటికన్న పేరుగన్నది అంబారీ యేనుగు: వీపున పసిడివన్నె అంబారీ, అందు రాజు, మెడపై మావటి, నుదుట నగల వరుస. మహలు గోడలలో మిగులని రాజవైభవము ఆ జానెడు కొయ్యలో మిగిలినది. మరియు రాజుతో పాటు, ఏ శాసనమందును పేరు చెక్కబడని జనులుకూడ ఆ బొమ్మలలో నిలిచియున్నారు: తాటిచెట్టు నెక్కు గీతగాడు, రోటిలో వడ్లు దంచు స్త్రీ, ఎడ్లబండి తోలు రైతు, పల్లకి మోయు బోయీలు. ఈ బొమ్మలు చేయు ఆర్యక్షత్రియులు తమ పూర్వులు కొన్ని శతాబ్దుల క్రిందట రాజపుత్రస్థానమునుండి రాజుల పిలుపుపై వచ్చిరనియు, తమ మూలపురుషుడు పరమశివుని అనుగ్రహమున శిల్పవిద్య నెరిగిన ముక్తర్షి యనియు విశ్వసింతురు. విశ్వాస మెట్లున్నను, కొండపల్లి కోటకు నిజమైన వారసులు వీరే యని నేను తలచెదను. కోట చరిత్రను ఏలికల జాబితాగా గాక, మనుష్యుల బ్రతుకుగా మనకు అందించినవారు వీరే.

బొమ్మ తయారగు విధమును ఒకసారి దగ్గర కూర్చుండి చూచుట మంచిది. ఆ కొండలపై పెరుగు తెల్ల పొణికి కొయ్యను తెచ్చి, ఎండబెట్టి, సన్నని సెగపై కాచి, దానిలోని తేమనంతయు తీసివేయుదురు. అట్లు ఆరిన కొయ్య చేతిలో పెట్టినచో బరువున్నట్లే తోచదు. ఏనుగు నంతటిని ఒకే దిమ్మెలో చెక్కరు. మొండెము వేరు, కాళ్లు వేరు, తొండము వేరు, చెవులు వేరు. ఉలితో చెక్కి, ఆకురాయితో నునుపుచేసిన ఆ యవయవములను, చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపి నూరిన మక్కుతో అతికింతురు. అతుకుచోట్ల ఆ మక్కునే మెత్తి, వ్రేలితో దిద్ది, బొమ్మకు కండ పట్టింతురు. అది ఆరినపిదప సున్నపు పూత, ఆపై రంగులు, చివరకు మేకవెంట్రుకల సన్నని కుంచెతో కన్నులు దిద్దుట. కన్నులు దిద్దువరకు అది కొయ్య; దిద్దినంతనే ఏనుగు. ఈ పనిలో ఇంటిల్లిపాదికిని భాగముండును.

ఇంతటి ప్రాణముగల వస్తువు నేడు అద్దాల బీరువాలో కూర్చున్నది. సంక్రాంతికో దసరాకో బొమ్మల కొలువు తీర్చు నాలుగు దినములు బయటికి వచ్చును. అప్పుడును ‘ముట్టకు, రంగు పోవును’ అను మందలింపే పిల్లలకు దక్కును. అతిథులకు బహూకరించుటకు, విదేశములలోని తెలుగువారి యిండ్లలో ఊరి గుర్తుగా నుంచుటకు, ప్రభుత్వ సభలలో జ్ఞాపికగా ఇచ్చుటకు కొండపల్లి బొమ్మను కొనుచున్నారు. భౌగోళిక గుర్తింపు వచ్చినది. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి తమ రేడియో ప్రసంగమున దేశీయ బొమ్మల కేంద్రములను పేర్కొనుచు కొండపల్లిని కూడ తలచిరి. ఈ గౌరవములకు నేను సంతసించుచున్నాను. అయినను ఆట లేని ఆటవస్తువునకు ఎంత కీర్తి వచ్చినను ఏమి ఫలము?

బీరువాలోని బొమ్మ ఖాళీచేసిన చేతిలోనికి సెల్‌ఫోను వచ్చినది. ముద్ద దిగుటకు ఫోను, ఏడ్పు మానుటకు ఫోను, అమ్మ వంటచేసికొనుటకు ఫోను. అయిదేండ్లలోపు పిల్లలను గూర్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో వెలువరించిన సూచనలలో, రెండేండ్లు నిండనివారికి తెర చూపుట వలదనియు, రెండు మొదలు నాలుగేండ్ల వయస్సువారికి దినమునకు ఒక గంటకు మించరాదనియు, అంతకన్న తక్కువైన మరింత మేలనియు స్పష్టముగా ఉన్నది. మన యిండ్లలో జరుగుచున్న దేమో చదువరులకు నేను చెప్పనక్కర లేదు. తల్లిదండ్రులను నిందించుట నా యుద్దేశము కాదు. ఇద్దరును పనికి పోవలసిన సంసారములో, తాతలును అవ్వలును ఊరిలో నున్న అపార్టుమెంటు బ్రతుకులో, ఫోను చేయు సహాయము చిన్నది కాదని నే నెరుగుదును. కాని చేతివ్రేళ్లకు బరువు, గరుకు, నునుపు, అంచు, అతుకు అనునవి తెలియవలసిన వయస్సులో, ఎటు నిమిరినను ఒకే నునుపుగల గాజుపలకను మాత్రమే ఇచ్చుట బిడ్డకు అన్యాయము.

ఇట్లనినంతనే నన్ను కంప్యూటరునకు విరోధిగా ఎంచువారుందురు. విజయవాడ, గుంటూరు, హైదరాబాదు పరిసరములలో ఇంటింటికి ఒక కంప్యూటరు ఇంజనీరు పుట్టిన ఈ కాలమున అట్టి విరోధము అవివేకము. నిజమునకు కంప్యూటరును పిల్లల చెంతకు తెచ్చిన మహనీయులే బొమ్మ విలువను అందరికన్న బాగుగా ఎరిగినవారు. దక్షిణాఫ్రికాలో జన్మించి అమెరికాలో స్థిరపడిన గణితవేత్త సేమోర్ పాపర్ట్, మరికొందరితో కలిసి 1967లో పిల్లలకొరకు లోగో అను కంప్యూటరు భాషను రూపొందించెను. తాను గణితమును ప్రేమించుటకు కారణము పసితనమున మోటారుబండ్ల పళ్లచక్రములతో ఆడుకొనుటయే యని ఆయన 1980లో ప్రకటించిన తన ప్రసిద్ధ గ్రంథమునకు ముందుమాటలో వ్రాసెను. ఎక్కములు బడిలో ఎదురైనపుడు ఆయన మనస్సులో తిరిగినవి ఆ చక్రములే. అందుచేతనే లోగో భాషలో ఇచ్చిన ఆజ్ఞలకు తొలుత కదలినది తెరమీది బొమ్మ కాదు. నేలపై పాకుచు, కలముతో గీతలు గీయు నిజమైన యంత్రపు తాబేలు. ఆ తాబేలు ఎటు తిరుగవలెనో బిడ్డ తన దేహమును త్రిప్పి చూచుకొని, ఆ పిదప ఆజ్ఞ వ్రాయవలెను. అంతకు నూరేండ్లకు పైగా ముందే, 1837లో, జర్మనీలో శిశువిద్యాలయమును నెలకొల్పిన ఫ్రోబెల్ బిడ్డలకు తొలిపాఠముగా ఇచ్చినవి బంతులు, కొయ్యగోళములు, కొయ్యఘనములు. ఆ కొయ్యదిమ్మెలతో పసితనమున ఆడుకొనిన ఫ్రాంక్ లాయిడ్ రైట్, పెద్దవాడై జగద్విఖ్యాత వాస్తుశిల్పి యైన పిదపకూడ ఆ ఋణమును చెప్పుకొనుచుండెను. ముందు చేయి ఎరిగినదానినే తరువాత బుద్ధి లెక్కగట్టును. కంప్యూటరు విద్యకు పునాది కొయ్యబొమ్మ యందే ఉన్నదని నేననుట ఇందువలననే.

కాబట్టి కొండపల్లిలో జరుగవలసిన పని ఒకటి కలదు. బొమ్మ తిరిగి పిల్లల చేతికి రావలెనన్నచో మొదట రంగు సంగతి తేలవలెను. పూర్వపు ఆకుపసరుల, మట్టిరంగుల స్థానమున ఎనామిల్ రంగులు వచ్చినవి. నిగనిగలాడునవి, త్వరగా ఆరునవి. చూచుటకు పెట్టిన బొమ్మకు అవి చాలును గాని, పసివాడు నోటబెట్టుకొను బొమ్మకు చాలవు. 2021 జనవరి ఒకటవ తేదీనుండి దేశములో అమ్మబడు ఆటవస్తువులకు నాణ్యతాముద్ర తప్పనిసరి యైనది. నమోదైన హస్తకళాకారులకును, భౌగోళిక గుర్తింపు పొందిన వస్తువులకును మినహాయింపు నిచ్చిరి. బీదశిల్పిపై పరీక్షల వ్యయము పడకుండుటకు ఆ మినహాయింపు న్యాయమే. కాని దానివలన తల్లి మనస్సులోని శంక తీరదు. ఈ రంగులో సీసము లేదని ఆమెకు నమ్మకము కలుగవలెను. శిల్పినుండి పైసా గైకొనక ఆ పరీక్షను ప్రభుత్వమే కొండపల్లిలో జరిపింపరాదా? మార్గము లేదనుటకు వీలులేదు. అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున నున్న ఏటికొప్పాకలో, అంకుడు కొయ్యబొమ్మలకు లక్కతో కలిపిన చెట్టురంగులు వేయుటను పునరుద్ధరించి, సి.వి. రాజుగారు 2023లో పద్మశ్రీ పొందిరి. అచట సాధ్యమైనది ఇచట సాధ్యము కాకపోదు.

రెండవది పొణికి చెట్టు. కొయ్య కొరకు దూరము పోవలసివచ్చుచున్నదని కొండపల్లి శిల్పులు ఏండ్ల తరబడి మొరపెట్టుకొనుచున్నారు. కోటచుట్టునున్న అడవిలో ఆ చెట్లను నాటి, పెంచి, శిల్పులకే హక్కుగా ఇచ్చుట కంటె మేలైన చారిత్రక పరిరక్షణ వేరొకటి నాకు కానరాదు. గోడలకు సున్నము కొట్టి, దీపములు తగిలించినంత మాత్రమున కోట బ్రతుకదు.

ఇక కంప్యూటరు. తానీషా మహలులో ఒక గదిని పిల్లలకు విడువవలెను. అందు దర్గా దర్వాజా, మహలు, కోనేరు, బురుజులు పొణికి కొయ్యతో విడివిడి భాగములుగా చేయించి ఉంచినచో, ఏ ద్వారము తరువాత ఏది వచ్చునో, శత్రువు ఎటునుండి ఎక్కగలడో, నీరు ఎట్లు నిలిచినదో పిల్లలు తామే కూర్చి తెలిసికొందురు. ఆ ప్రక్కనే కంప్యూటరు నుంచి, తాము చేతితో కూర్చిన కోటను తెరపై తామే మరల నిర్మించి, ఏనుగును ద్వారములగుండ నడిపించుటకు ఆజ్ఞలు వ్రాయనిండు. నడిపింపబడు ఏనుగు ఎట్లుండునో వారికి అప్పటికే చేతితో తెలిసియుండును. చుట్టుప్రక్కల కొల్లలుగా నున్న ఇంజనీరింగు కళాశాలల విద్యార్థులకు ఇట్టి ఆటను తెలుగులో రూపొందించుట కష్టమైన పని కాదు. వారికి కావలసినది శిల్పి సరసన కొన్నాళ్లు కూర్చుండు ఓపిక మాత్రమే. శిల్పికి గురువుగా వేతనమిచ్చి పిలువవలెను. సందర్శకుల వినోదమునకు ఒక మూల కూర్చుండబెట్టరాదు.

ప్రభుత్వము ఈ మాటలు వినునంతవరకు ఆగనక్కర లేని కార్యము మాత్రము గృహస్థుల చేతిలో ఉన్నది. రాబోవు సంక్రాంతికి కొలువు తీర్చుకొనువారు, రంగు సంగతి శిల్పినే అడిగి తెలిసికొని, ఒక్క బొమ్మను మెట్లపై పెట్టక, నోటబెట్టుకొను వయస్సు దాటిన పిల్లవానికి ఆడుకొనుటకే ఇయ్యవలెనని నా ప్రార్థన. తొండము విరిగినచో వానినే అతికింపనిండు. అతుకక పోయినచో వానిని వెంటబెట్టుకొని కొండపల్లికి పోయి, కోటను చూపి, వాడు ఏరుకొనిన మరియొక బొమ్మను కొనిపెట్టుడు.