"ఇన్నాళ్ళూ ఏం చేశావ్?" అని అడక్కండి



పెళ్ళి పందిట్లో పెద్దల దీవెనలు అందుకునే వేళ. పెళ్ళికూతురు ఒక్కొక్కరి కాళ్ళకీ దణ్ణం పెడుతూ వస్తోంది. ఒక పెద్దాయన దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. "మావయ్యేగా, వంగవే" అంటూ తల్లి వెనకనుంచి వీపు మీద చెయ్యి వేసి నొక్కింది. పిల్ల వంగింది. ఆయన అక్షతలు వేసి, తల నిమిరి దీవించాడు. ఆ చెయ్యి ఎలాంటిదో పందిరి మొత్తంలో ఇద్దరికే తెలుసు. కొన్ని ఇళ్ళలో ముగ్గురికి. మూడో మనిషి తల్లి.

ఇలాంటి పెళ్ళికూతుళ్ళూ, నోరు విప్పని పెళ్ళికొడుకులూ మన వీధిలోనే ఉన్నారు. చిన్నతనంలో తమ ఒంటి మీద జరిగిన ఘోరాన్ని మోస్తూ పెద్దవాళ్ళయినవాళ్ళు. ఈ కరపత్రం వాళ్ళ గురించి. వాళ్ళు నోరు విప్పిన రోజున ఎదురుగా ఉండబోయే మన గురించి.

మేం శాఖా గ్రంథాలయంలో వారానికోసారి కూర్చుని పుస్తకాలు పైకి చదువుకునేవాళ్ళం. ఒక సాయంత్రం మహేశ్ దత్తానీ నాటకం 'థర్టీ డేస్ ఇన్ సెప్టెంబర్' చదివి, తెలుగులో కథ చెప్పుకున్నాం. చిన్నప్పుడు మేనమామ చేతిలో నలిగిపోయిన మాల అనే అమ్మాయి పెద్దయ్యాక తల్లిని నిలదీస్తుంది, ఆ మేనమామనూ నిలదీస్తుంది. ఆ రోజుల్లో ఏడుస్తూ తల్లి దగ్గరికి వెళితే తల్లి ఏం చేసేది? కడుపు నిండా ఆలూ పరాఠాలు పెట్టేది, తను వెళ్ళి దేవుడి ముందు కూర్చునేది. చివరికి తెలిసేదేమిటంటే, ఆ తల్లి కూడా పసితనంలో అదే మనిషికి, సొంత అన్నకే, బలైపోయింది. ఆవిడకి మాట లేకుండా పోయింది. పళ్ళెం ఒక్కటే మిగిలింది.

చదవడం అయ్యాక అందరూ లేచారు. ఒకావిడ మాత్రం కుర్చీలు సర్దుతూ ఉండిపోయింది. యాభై దాటిన మనిషి, మనవలున్నావిడ. సర్దిన కుర్చీనే మళ్ళీ సర్దుతోంది. చివరికి, "ఆ రాసినాయనకి ఆ పళ్ళెం సంగతి ఎలా తెలిసిందమ్మా?" అంది. గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది. మిగతాది చెప్పడానికి ఆవిడకి ఇంకో రెండు నెలలు పట్టింది. ఆవిడ సరేనంటేనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాం. చిన్నప్పుడు తనకి జరిగింది ఇంట్లో చెబితే కన్నకొడుకు అన్న మొదటి మాట: "ఇన్నాళ్ళూ ఏం చేశావ్?"

ఏం చేసిందో మేం చెబుతాం. బతికింది. పొయ్యి వెలిగించింది, పిల్లల్ని పెంచింది, ఆ ఘోరం చేసిన మనిషి ఇంటికొస్తే గ్లాసుతో మంచినీళ్ళిచ్చింది. ఆ రాత్రి తలుపు గడియ మూడుసార్లు చూసుకుంది. తన కూతుర్ని ఏ పండక్కీ ఆ ఇంటికి పంపలేదు. "పొగరు" అన్నారు, "మనుషుల్ని కలుపుకోదు" అన్నారు. పడింది. ఏడేళ్ళప్పుడు, తనకి జరిగినదానికి పేరు కూడా తెలియదు. పేరు తెలిసేనాటికి సంసారం, పరువు, చెల్లెలి పెళ్ళి అడ్డంగా నిలబడ్డాయి. ఎప్పుడు చెప్పాలట?

అమెరికా రచయిత్రి మాయా ఏంజెలో సంగతి వినండి. ఎనిమిదేళ్ళ వయసులో తల్లి స్నేహితుడు ఆమెను చెరిచాడు. కోర్టులో సాక్ష్యం చెప్పింది. కొద్దిరోజులకే ఎవరో ఆ మనిషిని చంపేశారు. తన మాటే అతన్ని చంపిందనుకుంది ఆ పసిది. సుమారు ఐదేళ్ళు నోరు మూసుకుంది. అర్కన్సా రాష్ట్రంలో స్టాంప్స్ అనే చిన్న ఊళ్ళో ఒక పెద్దావిడ ఆ పిల్లని ఇంటికి పిలిచి, నిమ్మరసం ఇచ్చి, పుస్తకం పైకి చదివి వినిపించింది. ఏమీ గుచ్చి గుచ్చి అడగలేదు. పుస్తకాలిచ్చి, పైకి చదవమంది. ఆ పిల్ల తన కథను అచ్చు వేయించింది 1969లో, నలభై ఒకటో ఏట. ఆమెనూ అడుగుదామా, ఇన్నాళ్ళూ ఏం చేశావని? ఆ పుస్తకాన్ని బడి గ్రంథాలయాల్లోంచి తీసేయాలని అక్కడ ఎంతోమంది పట్టుబట్టారు. "ఇంత చీకటి ఎందుకు?" అన్నారు. ఇక్కడా మమ్మల్ని అదే అడుగుతున్నారు. చీకటి పుస్తకంలోంచి ఇంట్లోకి రాలేదు అయ్యా, ఇంట్లోంచే పుస్తకంలోకి వెళ్ళింది.

ఎక్కడో ఒకరిద్దరి గొడవ అనుకోకండి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో అచ్చు వేసిన అధ్యయనం 13 రాష్ట్రాల్లో, ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా, 12,447 మంది పిల్లలతో మాట్లాడింది. నూటికి 53 మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. వాళ్ళలో సగానికి పైగా మగపిల్లలే. ఆ పిల్లలు ఇప్పుడు పాతికేళ్ళూ ముప్ఫై ఏళ్ళూ దాటినవాళ్ళు. మన పక్క కుర్చీలో కూర్చుంటున్నారు.

చట్టం ఏమంటుందో తెలుసుకోండి. పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. ఆడపిల్లయినా మగపిల్లాడయినా ఒకటే రక్షణ. ఆ చట్టం కింద ఫిర్యాదుకి గడువంటూ లేదని, పెద్దయ్యాక కూడా చెప్పవచ్చని 2018లో కేంద్ర ప్రభుత్వం స్పష్టం చేసింది. అది అమల్లోకి రాకముందు జరిగిన నేరానికి పాత శిక్షాస్మృతి వర్తిస్తుంది. దారి ఉందో లేదో మీ అంతట మీరే తేల్చుకోకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థని అడగండి, 15100కి ఫోన్ చేయండి. మనసు తట్టుకోలేనప్పుడు 14416, టెలీ మానస్. నేరం చేసిన మనిషి చుట్టూ ఇవాళ కూడా పసిపిల్లలు తిరుగుతుంటే ఆలోచించకండి, 1098కి ఫోన్ చేయండి.

కేసు పెట్టాలా, ఎదుట నిలబడి అడగాలా, ఏమీ చేయకుండా ఉండాలా అన్నది బాధపడినవాళ్ళ ఇష్టం. "వెళ్ళి కడిగెయ్" అని ఎగదోయకండి. "పోనీలే, ముసలివాడైపోయాడు, మంచంలో ఉన్నాడు, క్షమించెయ్" అని అంతకన్నా అనకండి. క్షమించమని చెప్పే హక్కు మనకెవరిచ్చారు? పక్కన కూర్చోండి. "నమ్ముతున్నాను" అనండి. "తప్పు నీది కాదు" అనండి. విన్నది ఇంకొకరి చెవిన వేయకండి. ఇకమీదట ఏ పిల్ల వీపు మీదా చెయ్యి వేసి వంచకండి.

మాకొక కోరిక ఉంది. నవంబరు 14 బాలల దినోత్సవం. గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యేదీ ఆ రోజే, పోక్సో అమల్లోకి వచ్చిందీ ఆ రోజే. మన శాఖా గ్రంథాలయం ఇంటి పన్నులో మనం కట్టే గ్రంథాలయ సెస్సుతో నడిచే గది, మనదే. పొద్దున పిల్లల పోటీలు జరగనివ్వండి. సాయంత్రం ఆరింటికి పెద్దవాళ్ళం కూర్చుని, ఇలాంటి కథ ఒకటి పైకి చదువుదాం. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు చదివి తెలుగులో చెప్పండి. రచయితలారా, మన పందిరి కింది కథ మన మాటల్లో రాయండి, తెచ్చి చదవండి. మగవాళ్ళు తప్పకుండా రండి. మీలోనూ చెప్పుకోనివాళ్ళున్నారు.

చదవడం అయ్యాక ఎవరైనా కుర్చీలు సర్దుతూ ఉండిపోతే తొందరపెట్టకండి. తాళం చెవి ఉన్నవాళ్ళు ఆ రోజుకి అరగంట ఆలస్యంగా తాళం వేయండి.

ఇట్లు,
మీ శాఖా గ్రంథాలయ పాఠకులు

(చదివి పక్కవారికి ఇవ్వండి)