చెరిపివేయబడినవాని మనవి

మొన్నటి సంక్రాంతి సెలవులలో మా అమ్మాయి కుటుంబంతో కలిసి రామోజీ ఫిల్మ్ సిటీ చూసివచ్చాను. గూడూరులో సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాదులో దిగి, అక్కడినుండి అల్లుడిగారి కారులో విజయవాడ రహదారి పట్టుకొని పోయాము. పండుగ రోజులు కదా, ఇసుక వేస్తే రాలనంత జనం. వారం తరువాత మనవడు వాట్సాపులో పంపిన ఫొటోలు చూస్తే అందులో నరమానవుడు లేడు! ఫౌంటెను ముందు వాళ్లు ముగ్గురే. చుట్టూ శూన్యం.

వెంటనే ఫోను చేశాను. "ఏందబ్బయా, అంత జనం ఏమైపోయారు?"

"చెరిపేశాను తాతయ్యా. వేలితో రుద్దితే పోతారు."

"మరి నేను?"

ఆ ఫొటో తీసేటప్పుడు వాళ్ల సంచులూ, నీళ్ల సీసాలూ పట్టుకొని పది అడుగుల వెనుక నిలబడి ఉన్నది నేనే. కాసేపు మాట లేదు. "నువ్వని చూసుకోలేదు తాతయ్యా" అన్నాడు.

పిల్లవాడిమీద నాకు కోపం లేదు. ఈ విద్యను గొప్ప నేర్పుగా ప్రచారం చేస్తున్న పెద్దలతోనే నా వాదం.

రద్దీ స్థలంలో జనం పడకుండా ఫొటో తీసుకొనే ఉపాయాలు కొన్ని ఉన్నవి. వాటిలో న్యాయమైనవి లేకపోలేదు. సెలవు రోజు మానుకొని మామూలు రోజున వెళ్లడం, గేటు తెరవగానే ప్రవేశించి అందరూ ఆగే మొదటి చోటును దాటి చివరికి పోవడం, కెమెరాను కిందనుండి పైకి ఎత్తి గోపురాన్నీ ఆకాశాన్నీ పట్టుకోవడం, ఓపికగా నిలబడి సందు దొరికేదాకా కాచుకోవడం. ఇందులో ఎవరికీ అపకారం లేదు. తెల్లవారుజామున లేచినవాడికి దక్కిన ఫలం అది, అనుభవించనీయండి.

రెండవ పద్ధతి గదమాయింపు. ఆనాడే చూశాను. ఒక పెద్దమనిషి తన ఇల్లాలిని మెట్లమీద నిలబెట్టి, "జరగండి, జరగండి" అని వచ్చేవారినీ పోయేవారినీ ఆపుతున్నాడు. అక్కడ ఎండుటాకులు ఊడుస్తున్న ఒకామె చీపురుతో మూడుసార్లు పక్కకు జరిగింది. ఆ మెట్లు అంత శుభ్రంగా కనిపించడానికి కారణం ఆమె చేయి. అయ్యగారి ఫొటోకు ఆమే మచ్చ!

మూడవది మావాడు చేసిన పని. గూగుల్ సంస్థ 2021లో పిక్సెల్ ఫోన్లలో 'మ్యాజిక్ ఇరేజర్' పేరిట దీనిని తెచ్చింది. ఇప్పుడు ఇటువంటివి అనేకం. అయితే వీధిలోని జనం బొమ్మలోంచి మాయం కావడం కొత్తదేమీ కాదు. 1838లో పారిస్ నగరంలో డాగెర్ ఒక రద్దీ వీధిని ఫొటో తీశాడు. ఫలకంమీద బొమ్మ పడడానికి కొన్ని నిమిషాలు పట్టే రోజులవి. కదిలిపోతున్న బండ్లూ మనుషులూ ఏవీ పడలేదు. బూటు పాలిష్ చేయించుకొంటూ కదలక నిలబడిన ఒకాయన, ఆ పాలిష్ చేసే మనిషి మాత్రం మసకగా మిగిలారు. నిలిచి ఉన్నవారికి ఆ ఫలకం చోటిచ్చింది. నేటి ఫోను మనం ఎవరిని చూపితే వారిని, నిలబడినా సరే, తీసివేస్తుంది. అది యంత్రపు అశక్తత, ఇది మన ఇష్టం. తేడా అంతా అక్కడే ఉన్నది.

ఇంకొక విడ్డూరం. 1996లో ఆరంభమై, ప్రపంచంలోకెల్లా పెద్ద సినిమా నిర్మాణ ప్రాంగణంగా గిన్నిస్ పుస్తకానికి ఎక్కిన చోటు అది. అక్కడ సంత దృశ్యం తీయాలన్నా, రైల్వేస్టేషను దృశ్యం తీయాలన్నా జూనియర్ ఆర్టిస్టులకు కూలి ఇచ్చి జనాన్ని తెప్పించుకోవాలి. మనుషులు తిరగకపోతే సెట్టు సెట్టుగానే తేలిపోతుందని దర్శకుడికి తెలుసు. ఉచితంగా వచ్చి నిలబడిన జనాన్ని మనం రుద్ది పారేస్తున్నాము.

మన కావ్యాలలో అష్టాదశవర్ణనలలో నగరవర్ణన ఒకటి. మనుచరిత్రలో పెద్దన అరుణాస్పదపురాన్ని మేడలతో సరిపెట్టలేదు, అక్కడి మనుషులను చెప్పాడు. జనం లేని నగరాన్ని కాళిదాసు రఘువంశం పదహారవ సర్గలో చూపించాడు. పాడుపడిన అయోధ్య అధిదేవత అర్ధరాత్రివేళ కుశుని ఎదుట నిలిచి తన దుఃస్థితి చెప్పుకొంటుంది. ఆ కవికి శోకస్థానమైనది మనకు లైకులు తెచ్చే దృశ్యమైనది.

"మా ఫొటో మా ఇష్టం, ముక్కూమొగం తెలియనివాళ్లు మాకెందుకు?" అంటారు. ఉద్యోగంలో ఉన్న రోజులలో మా బడిపిల్లలను మద్రాసు విహారయాత్రకు తీసుకువెళ్లేవాళ్లం. వీజీపీ గోల్డెన్ బీచి చూడనిదే ఆ యాత్ర పూర్తయ్యేది కాదు. ఎవరెంత నవ్వించబోయినా కదలని 'విగ్రహం మనిషి' అక్కడ ప్రసిద్ధుడు. (డాగెర్ ఫలకానికి ఎంత అనువైనవాడో!) అక్కడ తీయించిన ఒక గ్రూపు ఫొటో నా దగ్గర ఉన్నది. పిల్లలంతా యూనిఫారంలో ఉన్నారు. వాళ్లను చూస్తే అది ఏ కాలమో పోల్చుకోలేము. వెనుక బెల్‌బాటం వేసుకొన్న యువకుడు, భుజాన ట్రాన్సిస్టరు వేలాడదీసుకొన్న పెద్దాయన, అంచునుండి తల మాత్రం దూర్చిన శనగల కుర్రవాడు, వీళ్లు చెబుతారు కాలాన్ని. ఆ శిష్యులు ఇప్పటికీ మా ఇంటికి వస్తే తమ ముఖాలకంటె ముందు ఆ శనగల కుర్రవాడినే వెదకి నవ్వుతారు. ఆనాడు ఈ రుద్దుడు విద్య ఉంటే ముందుగా పోయేవాడు అతడే.

మనవడిని ఒక్కటే అడిగాను, చెరపకముందటి బొమ్మ ఉన్నదా అని. ఉన్నదట, పంపించాడు. గూడూరులో స్టూడియోకు తీసుకువెళ్లి పెద్దసైజులో ప్రింటు వేయించాను. నా వెనుక ఇరవైమందికి పైగా ఉన్నారు. నా భుజంమీదుగా చీపురు పట్టుకొన్నామె కనిపిస్తున్నది. ఇటే చూస్తున్నది.