కన్ను, చెయ్యి, గణితం

ఆర్కిటెక్చర్ ప్రవేశానికి సన్నద్ధత ఇంటర్ పరీక్షలయ్యాక మొదలుపెడితే ఆలస్యమే. విజయవాడ, ఢిల్లీ, భోపాల్‌లలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ సంస్థల్లో బీఆర్క్ సీటుకు జేఈఈ మెయిన్ రెండో పేపరు రాయాలి. అందులో గణితం, ఆప్టిట్యూడ్, డ్రాయింగ్ ఉంటాయి. ఖరగ్‌పూర్, రూర్కీ, వారణాసి ఐఐటీలకైతే జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతోపాటు ఆర్కిటెక్చర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ (ఏఏటీ)లో అర్హత కావాలి. హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో జాతీయ ఆర్కిటెక్చర్ ఆప్టిట్యూడ్ పరీక్ష నాటా స్కోరు చూస్తారు. ఎంపీసీ చదివేవారికి గణితం రోజూ ఉండేదే. డ్రాయింగ్‌కే టైమ్‌టేబుల్లో చోటుండదు.

ఆ లోటే ఈ సంచికకు ప్రేరణ. చెయ్యి కంటే ముందు కన్ను తయారవ్వాలన్నది ఇందులోని వ్యాసాలన్నిటినీ కలిపే నమ్మకం. లేపాక్షి మండపంలో నిలబడి రాతి దూలాలు స్తంభాల మీద ఎలా ఆనుతున్నాయో గమనించడం, ఇంటి మెట్ల ఎత్తూ వెడల్పూ టేపుతో కొలిచి స్కేలు ప్రకారం కాగితం మీదికి దించడం, వసారాలో మధ్యాహ్నపు నీడ ఎంతవరకు వస్తుందో గుర్తుపెట్టడం: ఇవన్నీ ఆ సాధనలో భాగమే. రోజుకు అరగంట బొమ్మలకిస్తే చదువు పాడవుతుందన్న భయం వద్దని తల్లిదండ్రులకు మా మనవి. ఫోటో చూసి నకలు తీస్తే నున్నని బొమ్మ వస్తుంది గానీ, పరీక్షలో చూడని కోణం నుంచి వస్తువు ఎలా కనిపిస్తుందో ఊహించి గీయాల్సి వస్తుంది. తొమ్మిదో తరగతిలోనే స్కెచ్‌బుక్ పట్టినవారికి అది అలవాటుగా అబ్బుతుంది.