పొగకు పొలిమేర లేదు

మా చండ్రుగొండ పరిసరాల అడవుల్లో వేసవి వచ్చిందంటే తునికాకు సేకరణ ఎందరికో జీవనాధారం. ఆ ఆకుతో చుట్టిన బీడీని బస్టాపులో కాల్చవద్దంటే మాత్రం, "ఆరుబయటే కదా! నా స్వేచ్ఛకు అడ్డేమిటి?" అని పెద్దలే ప్రశ్నిస్తారు. 2003 నాటి చట్టం కింద 2008 అక్టోబరు 2న అమలులోకి వచ్చిన నియమాలు బస్టాపులను సైతం నిషేధపు పరిధిలోకి తెచ్చాయి; జరిమానా రూ. 200 వరకు.

కాల్చడం మీ ఇష్టమే కావచ్చు. పీల్చడం పక్కన నిలిచిన పసివాడి ఇష్టం కాదు. తప్పుకునే వీలు లేనివాడి పక్షాన నిలవడమే చట్టధర్మం. కనుక నిషేధం న్యాయమే. అయితే తునికాకు వేలాలు నిర్వహించే ప్రభుత్వమే, ఆకు కోసే గిరిజనుడికి మరో బతుకుతెరువు చూపకుండా జరిమానాలతో సరిపెట్టుకుంటే, అది సగం ధర్మమే అవుతుంది.